జోడెద్దులూ, మూడు డెసిబెళ్ళూ: మా ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌తో రెండేళ్ళు

పదమూడేళ్ళుగా బెంగళూరులో మొబైల్ నెట్‌వర్క్ రేడియో ప్లానింగ్ పనిలో ఉన్నాను. ఏ మేడ మీద యాంటెన్నా పెట్టాలి, ఏ దిక్కుకు తిప్పాలి, ఎంత వంచాలి అన్నది ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి చెప్పడం నా కొలువు. మా అమ్మ మాత్రం ఒంగోలులో చుట్టాలందరికీ "మా అమ్మాయి టవర్లు కడుతుంది" అనే చెబుతుంది. ఆ లెక్కకు వాడే సాఫ్ట్‌వేర్‌ను మా ఆఫీసు రెండేళ్ళ కిందట మార్చింది. ఏటా అద్దె కట్టాలి, కంప్యూటర్‌కు డాంగిల్ అనే చిన్న తాళం గుచ్చితేనే తెరుచుకుంటుంది. దాని పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే తప్పుల్లో సగం మావే.

పటాలు అందంగా గీస్తుంది. ఐదు మీటర్ల గడితో నగరంలో ఒక మూల మొత్తాన్ని నేను టీ తాగి వచ్చేలోపు లెక్కకట్టేస్తుంది. ఇంతకు మించి ఆ సంగతులు వద్దు. నాకు దానితో ఉన్న పేచీ అంతా క్రాస్ పోలరైజ్డ్ యాంటెన్నా దగ్గరే.

అంటే మేడల మీద కనిపించే పొడవాటి తెల్ల డబ్బా, అందులో ఒకే చోట రెండు యాంటెన్నాలు ఉంటాయి. ఒకటి కుడికి 45 డిగ్రీలు, రెండోది ఎడమకు 45 డిగ్రీలు వాలి, గుణకారం గుర్తులా ఒకదాన్నొకటి దాటుతాయి. ఒకే సిగ్నల్‌ను రెండు విధాలుగా అందుకోవడానికి వెనకటి పద్ధతిలో రెండు డబ్బాలను కనీసం పది తరంగదైర్ఘ్యాల ఎడంలో పెట్టేవారు. 900 మెగాహెర్ట్జ్‌లో అది మూడు మీటర్ల పైమాటే. జయనగర్‌లో నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్క గొట్టం నిలబెట్టడానికే ఇంటివాళ్ళు ఆరు నెలలు ఆలోచిస్తారు. అక్కడ మూడు మీటర్లు అడిగితే కాఫీ కూడా ఇవ్వరు.

కొత్త సాఫ్ట్‌వేర్ రాగానే నేను చేసే మొదటి పరీక్ష ఒకటుంది. యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత బలంగా పంపుతుందో చెప్పే ప్యాటర్న్ ఫైలును తయారీదారు ఇస్తారు, అది మామూలు అక్షరాల ఫైలే. పైన పేరు, ఫ్రీక్వెన్సీ, గెయిన్ (సిగ్నల్‌ను ఒక దిక్కుకు ఎంత కూడగడుతుందో), పోలరైజేషన్ (ధ్రువణం, అంటే అల ఏ వాలులో ఊగుతుందో) ఉంటాయి. కింద అడ్డంగా 360, నిలువుగా 360 అంకెలు. నేను పోలరైజేషన్ దగ్గర ఉన్న +45ను చెరిపి నిలువు అని రాసి, మళ్ళీ లెక్క వేయించాను. పటంలో ఒక్క చుక్క మారలేదు. ఆ గడిని చదువుతుంది, తెర మీద చూపిస్తుంది, లెక్కలో మాత్రం కలపదు. దీనిని నేరమనను, చాలా సాఫ్ట్‌వేర్‌లు ఇంతే. అయితే ఆ గడి అక్కడుంది కాబట్టి ధ్రువణం సంగతి అదే చూసుకుంటుందని కొత్తవాళ్ళు నమ్ముతారు.

అసలు దెబ్బ పవర్ గడి దగ్గర తగిలింది. డబ్బాలోని ఒక్కో యాంటెన్నాకు రేడియో నుంచి వచ్చే దారి ఒక పోర్టు. ఒక్కో పోర్టుకు 40 వాట్లు, అంటే 46 డీబీఎం (పవర్‌ను డెసిబెళ్ళలో రాసే కొలత, మూడు పెరిగితే పవర్ రెట్టింపు). రెండూ కలిపితే 80 వాట్లు, 49 డీబీఎం. గడి మీద 'గరిష్ఠ పవర్' అని మాత్రమే ఉంది. ఒక పోర్టుదా, మొత్తానిదా? మా బృందంలో కర్నూలు నుంచి వచ్చిన కుర్రవాడు మొత్తం అనుకుని 49 వేశాడు. మా పటం చూపేది ఫోను కొలిచే ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే ప్రధానంగా మొదటి పోర్టు నుంచి వచ్చే గుర్తు సిగ్నల్ (రిఫరెన్స్ సిగ్నల్) బలం. 20 మెగాహెర్ట్జ్ 4జీలో ఆ 46ను 1200 సబ్‌కారియర్లకు (సిగ్నల్‌ను చీల్చి పంపే సన్నని పాయలకు) పంచితే ఒక్కోదానికి సుమారు 15.2 డీబీఎం. 49 వేస్తే అది 18.2 అవుతుంది. జోడెద్దుల బలం కట్టి ఒకే ఎద్దు పేరున రాసినట్టు.

జయనగర్ పటం పచ్చగా వచ్చింది. కారులో తిరుగుతూ సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్ట్‌కు వెళితే ప్రతి వీధిలోనూ మూడు డెసిబెళ్ళు తక్కువ. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. చెట్ల మీదికి నెట్టాను. జయనగర్ నీడ వీధులు తెలిసినవాళ్ళెవరైనా నమ్ముతారు కదా. నేల మీది చెట్లు, కట్టడాల రకాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ సిగ్నల్ నష్టం వేసే క్లట్టర్ తరగతుల్లో, చెట్లున్న నివాస ప్రాంతం అన్నదానికి నష్టం మూడు పెంచాను, లెక్క అతికినట్టు సరిపోయింది. నాలుగో బ్లాకు బస్టాండు దగ్గర చెట్టు లేని చోట కూడా అదే మూడు తేడా ఉంది. దాన్ని చూశాను, దాటేశాను.

రెండు నెలల తర్వాత మల్లేశ్వరం వచ్చింది. అక్కడ సైట్లు ఎక్కించినావిడ సరిగ్గా 46 వేసింది, చెట్లకు నేను పెంచిన నష్టం మాత్రం అలాగే ఉంది. ఈసారి కొలత పటం కన్నా మూడు ఎక్కువ! కుర్రవాడు మెల్లగా అడిగాడు. "అక్కా, మల్లేశ్వరం చెట్లకు ఆకులు తక్కువంటారా?"

ఆ రాత్రి ఎనిమిదింటి వరకు కూర్చుని గడులన్నీ వెతికితే, మూడో మెనూలో పోర్టుల సంఖ్య, 'పవర్ పోర్టుకా, మొత్తానికా' అన్న ఎంపిక దొరికాయి. ఎవరూ మార్చకపోతే అది 'పోర్టుకు' అనే ఉంటుంది. అంటే ఉపాయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, కనపడే చోట లేదు. సహాయ కేంద్రానికి రాస్తే రెండు రోజులకు మాన్యువల్‌లో ఒక పుట సంఖ్య పంపారు.

ఇంకో ఉచ్చు పాత ప్రాజెక్టులది. వెనకటి సాఫ్ట్‌వేర్‌లో కొందరు +45ను ఒక ట్రాన్స్‌మిటర్‌గా, −45ను వేరే ట్రాన్స్‌మిటర్‌గా రాసుకున్నారు. ఆ ఫైళ్ళను ఇందులోకి తెస్తే హెచ్చరిక లేకుండా అలాగే మింగేస్తుంది. ఒకే డబ్బాలోని అన్నదమ్ములు ఒకరి సిగ్నల్‌కు ఒకరు అడ్డు (ఇంటర్‌ఫియరెన్స్) అవుతారు. టవరు కాళ్ళ దగ్గర నిలబడ్డా సిగ్నల్ నాణ్యత సున్నా డెసిబెల్ దాటదు, అంటే సిగ్నల్ ఎంతో అడ్డూ అంతే. సిగ్నల్ పటం పచ్చగా మెరుస్తూ, నాణ్యత పటం నల్లగా చచ్చి ఉంటే ముందు ఇదే చూడండి.

మెచ్చుకోవలసింది లేకపోలేదు. ఫోను నుంచి టవరుకు వచ్చే దారిలో రెండు ధ్రువణాల వల్ల కలిగే డైవర్సిటీ లాభాన్ని (ఒకటి బలహీనపడినా రెండోది ఆదుకోవడాన్ని) క్లట్టర్ తరగతి వారీగా పట్టికలో రాసుకోనిస్తుంది. చిక్‌పేట ఇరుకు సందుల్లో అలలు గోడలకు కొట్టుకుని కలగాపులగమై వస్తాయి, లాభం ఎక్కువ. బయలులో తక్కువ. ఈ పట్టిక మునుపటి దానిలో లేదు, అన్నిటికీ ఒకే అంకె. 5జీ ప్యానెల్ పని కూడా బాగుంది. 96 క్రాస్ జతలు, 192 మూలకాలున్న 64 పోర్టుల డబ్బాను ఒకే ప్యాటర్న్‌గా కుదించకుండా, అందరికీ వెళ్ళే బ్రాడ్‌కాస్ట్ కిరణాలు వేరు, ఒక్కో ఫోను వైపు తిరిగే ట్రాఫిక్ కిరణాలు వేరుగా లెక్కిస్తుంది. వైట్‌ఫీల్డ్ అద్దాల మేడల దగ్గర మాకు అది అక్కరకొచ్చింది.

గెయిన్ యూనిట్లు మాత్రం చూసి వేయండి. డైపోల్ అనే మామూలు యాంటెన్నాతో పోల్చి రాసిన అంకెను ఐసోట్రోపిక్ (అన్ని దిక్కులకూ సమానంగా పంపే ఊహా యాంటెన్నాతో పోల్చినది) అనుకుంటే 2.15 డెసిబెళ్ళు పోతాయి, అదేమీ అడగదు.

వచ్చే నెల అద్దె మళ్ళీ కట్టాలి. ఇప్పుడున్న మూడు లైసెన్సుల్లో రెండు చాలని రాసి పంపాను. మూడోదాని డబ్బుతో డ్రైవ్ టెస్ట్ స్కానర్ బాగుచేయించమన్నాను. అది రెండు పోర్టులనూ విడివిడిగా కొలుస్తుంది. పోయిన వర్షాకాలం నుంచి బీరువాలో పడి ఉంది.