చేతి పల్పర్: ఏజెన్సీ కాఫీ ఊళ్లకు కొనదగ్గ యంత్రమేనా?

కాఫీ పండు చెట్టు మీద ఉన్నన్నాళ్లు రైతుదే పైచేయి. కోసి గోనెసంచిలో పోశాక మాత్రం ఆ రాత్రికే లోపల వేడెక్కి పులవడం మొదలవుతుంది. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల కొండల్లో బేరగాడి బలమంతా అక్కడే ఉంది: తెల్లారితే సరుకు పాడవుతుందని ఇద్దరికీ తెలుసు. తొక్క వలిచే పని ఊళ్లోనే జరిగితే ఆ తొందర రైతుకు ఉండదు. అందుకు అందుబాటులో ఉన్న అతి చిన్న సాధనం చేతితో తిప్పే డ్రమ్ము పల్పర్. ఏజెన్సీలో బేబీ పల్పర్ అంటే తెలియనివాళ్లు తక్కువ. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క కంపెనీ యంత్రం గురించో కాదు. రాయితీ మీద వచ్చినా, సొంతంగా కొన్నా ఈ తరగతి యంత్రాల నమూనా దాదాపు ఒకటే.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలకు సంపద కొరత లేదు. కాఫీ తోటలు రెండు లక్షల ఎకరాలు దాటాయి. సిల్వర్ ఓక్ నీడ చెట్లకు మిరియాల తీగలు, కొండవాలున పసుపు, అడవిలో తేనె, చింతపండు, నేల కింద బాక్సైట్. వార్తల్లో ఎప్పుడూ నలిగేది ఆ చివరిదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు చెప్పినా ఆ గనుల వాదన చల్లారలేదు. కాఫీకి పేరు కూడా తక్కువేం రాలేదు: 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2019లో అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరు కప్పు దగ్గర వస్తుంది. రుచి నిలబడేదీ చెడేదీ మాత్రం కోసిన రోజు సాయంత్రం, ఊళ్లో.

ముందు డబ్బు లెక్క, ఎందుకంటే పల్పర్ అమ్మేవాళ్లు దీన్ని సగమే చెబుతారు. 100 కిలోల ఎర్రపండు వలిచి, కడిగి ఎండబెడితే సుమారు 20 కిలోల పార్చ్‌మెంట్ (పలచని లోపలి పొరతో ఉన్న ఎండు గింజ) వస్తుంది. అదే పండును తొక్కతో ఎండబెడితే 36 నుంచి 40 కిలోల ఎండు చెర్రీ. అంటే పార్చ్‌మెంట్ కిలో ధర చెర్రీ ధరకు 1.8 నుంచి 2 రెట్లు ఉంటే తప్ప కాటా మీద లాభం కనిపించదు. కిలో పార్చ్‌మెంట్ 400 రూపాయలు, చెర్రీ 250 ఉన్నాయనుకుందాం. మొదటి దారిలో 8,000, రెండో దారిలో 38 కిలోలకు 9,500. ఆ ధరల్లో వలవడం నష్టమే! సీజన్ మొదట్లో రెండు ధరలూ పక్కపక్కన పెట్టి ఈ భాగహారం చేయకుండా యంత్రం తిప్పడం మొదలుపెట్టకూడదు.

మరి ఎందుకు కొనాలి? ఎండడానికి పట్టే రోజులు తగ్గించుకోవడానికి. మంచి ఎండలో పార్చ్‌మెంట్‌కు 7 నుంచి 10 రోజులు చాలు, తొక్కతో ఉన్న చెర్రీకి 15 నుంచి 20 రోజులు కావాలి. కోత మొదలయ్యే నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే చెర్రీకి బూజు ఖాయం. బరకాలు, కళ్లం కూడా చెర్రీకి రెట్టింపు కావాలి. పైగా నాణ్యత చూసి ధర కట్టే కొనుగోలుదారులు అడిగేది శుభ్రంగా కడిగిన పార్చ్‌మెంట్‌నే. మిగతావాళ్లు అప్పుడే కోసిన పండుకు ఇచ్చే ధర చాలాసార్లు ఈ రెండు లెక్కలకన్నా కిందే ఉంటుంది. చెర్రీ, పార్చ్‌మెంట్ రెండు దారులూ తెరిచి ఉంచుకోవడానికే పల్పర్. ప్రతి పండునూ దానిలోనే పోయడానికి కాదు.

ఒక్క ఇంటికైతే దండగ. ఒక్కో కుటుంబానికి ఎకరం, ఎకరంన్నర తోట. సీజన్ మొత్తం మీద ఆ ఇంటికి 700 కిలోల పండు వస్తుందనుకుంటే 20 ఇళ్ల ఊరికి 14 టన్నులు. 60 రోజుల కోతకు పంచితే రోజుకు 230 కిలోలు, ముమ్మరంలో 500 దాటుతుంది. ఇద్దరు మనుషులు వంతులు మారుతూ తిప్పితే గంటకు 100 నుంచి 150 కిలోలు వలుస్తారు. కంపెనీ కాగితం మీద ఇంతకన్నా పెద్ద అంకె ఉంటుంది, దాన్ని మూడింట రెండొంతులకు తగ్గించుకుని లెక్క వేసుకోవాలి. అంటే మామూలు రోజున రెండు గంటల పని, ముమ్మరంలో నాలుగైదు. 15, 20 ఇళ్లకు ఒకటి సరిపోతుంది. రోడ్డు లేని ఊళ్లకు ఇద్దరు కావడి మీద మోసుకుపోగలిగేలా ఫ్రేము, డ్రమ్ము విడదీసే రకమే తీసుకోవాలి.

యంత్రంలో చూడాల్సింది డ్రమ్ము మీద తొడిగిన రేకు. రాగిదో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో, దాని నిండా లోపలి నుంచి గుద్ది లేపిన బొడిపెలు ఉంటాయి. ఎదురుగా ఛాతీ పలక. పండు ఆ రెండింటి మధ్య నలిగి తొక్క ఒకవైపు, జిగురుతో గింజ ఒకవైపు పడతాయి. ఈ యంత్రం బాగోగులన్నీ ఆ సందులో ఉన్నాయి. పై నుంచి పండు దిగేచోట వెడల్పుగా, గింజ బయటపడేచోట ఇరుకుగా ఉండాలి. రెండు పక్కల మరలు సమానంగా తిప్పాలి. ఒకవైపే బిగిస్తే డ్రమ్ము ఒక కొస గింజను కోస్తుంది, రెండో కొస పండును అలాగే వదిలేస్తుంది.

సరిచూడటానికి కొలబద్దలు అక్కర్లేదు. రెండు దోసిళ్ల పండు వలిచి, కింద పడ్డవాటిలో నూరు గింజలు ఏరాలి. కోతపడ్డవి రెండుకు మించితే సందు ఇరుకైంది, కొంచెం వదలాలి. వలవని పండ్లు, తొక్కతో కలిసిపోయిన గింజలు ఎక్కువైతే వెడల్పైంది. ఇది సీజన్‌కు ఒకసారి చేసి వదిలేసే పని కాదు. ముమ్మరపు కోతలో పండు లావుగా ఉంటుంది, ఆఖరి కోతకు సన్నబడి సందులోంచి జారిపోతుంది. కావేరి, సెలక్షన్ 9 రకాలు కలిసిన తోటల్లో సైజు తేడా ఇంకా ఎక్కువ. ప్రతి కోతకూ మర చూసుకోవాల్సిందే. అదురుకు మరలు వదులవుతాయి కాబట్టి మీద లాక్ నట్ ఉన్న మోడలే కొనాలి.

చెడగొట్టేవాటిలో మొదటిది రాయి. గోనెలో వచ్చిన గులకరాయి ఒక్కటి చాలు, బొడిపెలు నాలుగు అణిగిపోతాయి, ఆపైన ప్రతి తిప్పుకూ అదేచోట గింజ కోతపడుతుంది. వలిచేముందు పండును తొట్టి నీళ్లలో పోస్తే రాయి అడుగుకు, తాలు పండు పైకి పోతాయి. తేలినవాటిని వేరే ఎండబెట్టాలి. ఈ తొట్టి లేకుండా యంత్రం మాత్రం ఇస్తే ఆ పథకం సగమే ఇచ్చినట్టు. రెండోది పచ్చికాయ: వలవబడదు, గట్టిగా ఉండి గింజను నలుపుతుంది. ఇది యంత్రం తప్పు కాదు, కోత తప్పు. మూడోది, సాయంత్రం కడగకపోవడం. డ్రమ్ము వెనక ఇరుక్కున్న పది గింజలు రాత్రంతా కుళ్లి మర్నాటి సరుకులో కలుస్తాయి. అలాంటి గింజ ఒక్కటి వేయించినా కంపు తెలుస్తుంది. డ్రమ్ము ఇరుసు తిరిగే బుష్‌లకు పెట్టే గ్రీజు గింజ దారిలోకి కారకుండా చూసుకోవాలి. సీజన్ అయ్యాక కడిగి, ఆరబెట్టి, రేకుకు వంటనూనె రాసి పెట్టాలి.

యంత్రం అయ్యాకా పని ఉంది, చాలా ఊళ్లలో సరుకు చెడేది ఇక్కడే. జిగురు గింజను తొట్టిలో వేసి పులవనివ్వాలి. అరబికాకు 24 నుంచి 36 గంటలు చాలంటారు. లంబసింగి వైపు డిసెంబరు చలికి ఇంకా పడుతుంది. గంటలు కాదు, చెయ్యి చెప్పాలి: పిడికిట్లో నలిపితే జారకుండా ఇసుకలా గరగరలాడితే అయినట్టు. అప్పుడే మూడు నాలుగు నీళ్లు కడగాలి. రాత్రి అయింది, పొద్దున చూద్దామంటే పులుపు గింజలోకి దిగుతుంది. వేర్వేరు రోజుల గింజ ఒకే తొట్టిలో కలపకూడదు. ఆరబోత నేల మీద కాదు, వలల మంచె మీద, పలచగా, గంటగంటకూ కలుపుతూ. తేమ 10 శాతానికి రావాలి. పైపొర గలగలలాడుతూ, లోపలి గింజ కొరికితే గట్టిగా టక్కుమనాలి. తేమ మీటరు సంఘానికి ఒకటి ఉంటే కాటా దగ్గర వాదన తప్పుతుంది.

ఇక నీళ్లు. కిలో పండుకు 4, 5 లీటర్లతో సర్దుకోవాలన్నా ముమ్మరంలో రోజుకు 2,000 లీటర్లకు పైనే. కొండ ఊటకు పైపు వేసుకున్న ఊళ్లకు ఇబ్బంది లేదు, గెడ్డ (కొండవాగు) నుంచి బిందెలతో తెచ్చే ఊళ్లో ఈ యంత్రం మూలన పడుతుంది. వాడిన నీళ్లు పుల్లగా, జిగటగా ఉంటాయి. వాటిని గెడ్డలోకి వదిలితే దిగువ ఊరు తాగేది అదే. కనీసం 30 మీటర్ల దూరంలో గుంట తవ్వి ఇంకనివ్వాలి, తొక్కను పేడతో కలిపి మూడు నాలుగు నెలలు మాగబెడితే తోటకే ఎరువు. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడ్డాక ఇంకో జాగ్రత్త తోడైంది: పల్పర్‌ను, గోనెలను ఊరి నుంచి ఊరికి తిప్పేటప్పుడు పండు ముక్క మిగలకుండా దులిపి కడగాలి. పుచ్చు కాయలను పారేయకుండా మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచాలి.

మోటారు రకం కావాలా? అర నుంచి ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు పనిని తేలిక చేస్తుంది, నిజమే. కానీ కొండ ఊళ్లలో కరెంటు వోల్టేజీ సరిగ్గా సాయంత్రం, అంటే పండు వచ్చే వేళకే పడిపోతుంది, మోటారు కాలుతుంది. చేతితో తిప్పే హ్యాండిల్, మోటారు బెల్టు తగిలించే పుల్లీ రెండూ ఉన్నదే మేలు. రోజుకు టన్నుల్లో పండు పోగయ్యే సంఘాలైతే తక్కువ నీటితో, జిగురు కూడా యంత్రంలోనే తీసే ఎకో పల్పింగ్ యూనిట్ వైపు చూడాలి. అక్కడ చిక్కు రవాణా. మధ్యాహ్నం కోసిన పండు రాత్రిలోగా చేరకపోతే ఎంత పెద్ద యంత్రమైనా పులిసినదాన్నే వలుస్తుంది.

నీళ్ల పైపు, మంచెలు, పూచీ పడే మనిషి ఒకరు ఉన్న 15, 20 ఇళ్ల ఊరికి నిస్సందేహంగా కొనదగ్గది. ఆ మూడింటిలో నీళ్లు లేకపోతే వద్దు. మంచెలు లేకపోతే ముందు డబ్బు వాటికే పెట్టాలి. కొనేటప్పుడు అదనంగా ఒక డ్రమ్ము రేకు, బుష్‌ల జత, సరిపడే పానా బిల్లులోనే రాయించుకోవాలి. పాడేరు సంతలో దొరకని సైజు బోల్టు వేసిన యంత్రం వద్దనాలి. ఖాళీగా తిప్పినప్పుడు డ్రమ్ము ఎక్కడా పలకను రాయకూడదు. అసలు పరీక్ష మాత్రం పండుతోనే. వేసవిలో యంత్రం దింపితే తోటలో పండు ఉండదు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. డెలివరీ నవంబరు తొలి కోతకు పెట్టించుకుని, ఐదు కిలోలు వలిచి, నూరు గింజలు లెక్కబెట్టాకే ఆఖరి వాయిదా చెల్లించాలి.