ఎర్ర సముద్రంలో వారం రోజులు, నేను కొన్న తప్పు లైటు

ఈ ట్రిప్పులో మేం నేల మీద కాలు పెట్టింది చాలా తక్కువ. ఈజిప్టు వైపు ఎర్ర సముద్రంలో పడవ మీదే పడక, పడవ మీదే తిండి, రోజుకి మూడు నాలుగు సార్లు నీళ్లలోకి దూకడం. ఇలాంటి పడవల్ని డైవర్లు లైవ్‌అబోర్డ్ అంటారు. పడవ సంగతి, గైడ్ల సంగతి చెప్తాను గానీ ముందు లైటు గురించి చెప్పాలి. బయల్దేరే ముందు నెల రోజులు నా బుర్ర తిన్నది అదే, చివరికి తప్పు కొన్నదీ అదే.

నీళ్ల కింద ఎంత వెలుగుంటే అంత మంచిదనుకున్నాను. డబ్బా మీద ల్యూమెన్ల అంకె చూసి మురిసిపోయి, 120 డిగ్రీల వెడల్పున కాంతి పరిచే వీడియో లైటు కొన్నాను. నాతో వచ్చిన స్నేహితుడు ఏమీ కొనలేదు. పడవలో అద్దెకిచ్చే చిన్న టార్చి తీసుకున్నాడు. మొదటి రాత్రి డైవ్‌లో నాకు కనిపించింది తెల్లటి మంచు. నీళ్లలో తేలే నలుసులన్నీ నా లైటు కాంతిని తిరిగి నా కళ్లలోకే కొట్టాయి, పొగమంచులో కారు హైబీమ్ వేసినట్టు. వాడేమో సన్నటి వెలుగుతో రాతి సందులు వెతుకుతూ, మోరే ఈల్ అనే పాములాంటి చేప దాక్కున్న చోటు నాకే చూపిస్తున్నాడు. పైకి తేలాక వాడన్న మొదటి మాట: "ఒరేయ్, ఇంకోసారి ఆ లైటు నా మొహాన కొట్టావంటే నీతో డైవ్ చెయ్యను."

ల్యూమెన్లు చెప్పేది లైటులోంచి వచ్చే మొత్తం వెలుగు ఎంతో. అది ఎంత కోణంలో పరుచుకుంటుందో వేరే చూసుకోవాలి. అదే వెలుగుని పది డిగ్రీల్లోకి కుదిస్తే దూరం వెళ్తుంది, నలుసులు అంతగా అడ్డం రావు. సైగలకీ అదే కావాలి. రాతి గోడ మీద గుండ్రంగా తిప్పితే "బాగానే ఉన్నా", గబగబా అటూ ఇటూ ఊపితే "ఆపద". నా వెడల్పాటి లైటుని ఎలా తిప్పినా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

పగటి డైవ్‌కి లైటెందుకని చాలామంది గదిలో వదిలేసి వచ్చారు. అది పొరపాటే. నీరు అన్నిటికంటే ముందు ఎరుపుని మింగేస్తుంది. పది మీటర్లు దిగేసరికి ఎర్ర పగడం మట్టిరంగులోకి మారిపోతుంది. టార్చి దగ్గరగా పెడితే అసలు రంగు బయటపడుతుంది. దూరం నుంచి వేస్తే లాభం లేదు, టార్చి వెలుగులోని ఎరుపు కూడా ఆ నీళ్లలోనే పోతుంది కదా.

నాకు బాగా నచ్చిన చోటు థిసిల్‌గోర్మ్. 1941 అక్టోబరులో జర్మన్ బాంబులకి మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ ఇది, సుమారు 30 మీటర్ల లోతున కూర్చుని ఉంది. లారీలు, మోటారు సైకిళ్లు, బూట్లు ఇంకా లోపలే ఉన్నాయి. మేం వెళ్లిన రోజు ప్రవాహం గట్టిగా ఉంది, జనం తిరనాళ్లలా ఉన్నారు, అయినా మళ్లీ వెళ్తాను. మోటారు సైకిళ్ల వరస మీద సన్నటి వెలుగు ఒక్కో హ్యాండిల్‌నీ తాకుతూ పోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది. సరిగ్గా అక్కడే మావాడి అద్దె టార్చి మిణుకు మిణుకుమని ఆరిపోయింది. జేబులో రెండోది ఉంది కాబట్టి టెన్షన్ పడలేదు. అది వెలిగించుకుని, గైడుకి చూపించి, డైవ్ ముగించాం. పైకొచ్చి తెరిస్తే ఓ-రింగ్ మీద, అంటే నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయం మీద, ఒక వెంట్రుక, బ్యాటరీ చుట్టూ ఉప్పునీళ్లు. పడవ వాళ్లు మర్యాదగా ఇంకోటి ఇచ్చారు. ఇచ్చే ముందు తెరిచి చూసుంటే ఆ మర్యాద అవసరం వచ్చేది కాదు.

అప్పటినుంచి ఏ లైటు చేతికొచ్చినా ముందు ఓ-రింగ్ చూస్తున్నాను. ఒకటి కాక రెండు ఉంటే సంతోషం. టార్చి తలని తిప్పి వెలిగించే రకం నాకు నచ్చదు, ఆర్పబోయి ఎక్కువ తిప్పితే నీళ్లకి దారిచ్చినట్టే. డబ్బా మీద రాసే రన్ టైమ్‌నీ, అంటే ఎంతసేపు వెలుగుతుందనే లెక్కనీ, నేను సగమే నమ్ముతాను. టార్చిల కొలతలకి వాడే ఎఫ్ఎల్-1 ప్రమాణం ప్రకారం లెక్కేసేవాళ్లు, వెలుగు మొదటున్నదాంట్లో 10 శాతానికి పడేదాకా "వెలుగుతోంది" అనే లెక్కిస్తారు. రాత్రిపూట నీళ్లలో ఆ 10 శాతం దేనికి?

గదులు చిన్నవి, ఇంజను మోత రాత్రంతా వినిపించింది. మొదట్లో నాకు ఇంకా చిరాకు తెప్పించింది ఛార్జింగ్ రూలు: గదిలో ప్లగ్గున్నా బ్యాటరీలు అక్కడ పెట్టకూడదు. పై డెక్ మీద, మనిషి కాపలా ఉన్నప్పుడే. అందరూ పడుకున్నాక కరెంటు ఆపేస్తారు. లిథియం బ్యాటరీ నడిసముద్రంలో అంటుకుంటే పారిపోవడానికి చోటుండదని గైడు చెప్పాక, ఈ పడవకి నేను ఎక్కువ మార్కులేసింది దీనికే. విమానంలోనూ స్పేర్ బ్యాటరీలు చేతి సంచీలోనే పెట్టుకోవాలి. టార్చిలోంచి బ్యాటరీ తీసేయడం ఇంకా మంచిది, సంచీలో దానంతటదే వెలిగితే చల్లార్చే నీళ్లు లేక కాలిపోయేంత వేడెక్కుతుంది.

గైడ్ల గురించి ఒక్క ముక్క. రాత్రి డైవ్‌కి ముందు వాళ్లు చెప్పింది వింతగా అనిపించింది: చిన్న చేపల మీద లైటు నిలపొద్దు. నీళ్లలోకి దిగాక అర్థమైంది. లయన్‌ఫిష్‌లు మా వెనకే వస్తున్నాయి. మా వెలుగులో కళ్లు చెదిరి ఆగిపోయిన చేపని గుటుక్కున మింగుతున్నాయి. ఒక చిన్న చేప నావల్లే పోయింది. ఆ తర్వాత లైటుని ఇసక వైపే ఎక్కువ తిప్పాను.

ఐదో రోజు పడవలోని ఒక ఫొటోగ్రాఫర్ నా వీడియో లైటు అడిగి తీసుకున్నాడు. కెమెరాకి కాకుండా పొడవాటి కడ్డీ చివర, లెన్సుకి బాగా పక్కగా బిగించాడు. ఆ రాత్రి వాడికి స్పానిష్ డాన్సర్ దొరికింది, చిప్ప లేని ఎర్రటి సముద్రపు నత్త. డెక్ మీద ఫొటో చూపించాడు. దాని అంచు మడతలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి, వెనక నీళ్లు నల్లగా, ఒక్క నలుసు లేకుండా ఉన్నాయి. లైటు నాదే.