ట్రైలర్ తోక జాడించకుండా: స్టెబిలైజర్ కప్లింగ్ వాడి చూశాక

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. కారు వెనక లాగే నా క్యారవాన్ ట్రైలర్‌కి (చక్రాల మీది చిన్న ఇల్లు) బిగించిన ఫ్రిక్షన్ స్టెబిలైజర్ కప్లింగ్, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించి, రాపిడితో దాని ఊపుని తగ్గించే కొక్కెం, మంచి వస్తువు. పెట్టిన డబ్బుకి బాధ లేదు. కానీ ట్రైలర్ ఊగకుండా చేసే వాటిలో దానిది మూడో స్థానం. మొదటిది బరువు ఎక్కడ పెట్టామన్నది, రెండోది స్పీడు. ఆ రెండూ సరిగ్గా లేని బండికి దీన్ని బిగించడం జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవడం లాంటిది. ఒళ్లు చల్లబడుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

మాది మధురవాడ. లాగేది డీజిల్ ఎస్‌యూవీ. వెనక ఒకే యాక్సిల్ ఉన్న చిన్న క్యారవాన్, సామాన్లన్నీ ఎక్కించాక 900 కిలోలు తూగుతుంది. కొన్నేళ్లుగా అరకు, లంబసింగి, అటు బారువ తీరం దాకా దీంతోనే తిరుగుతున్నాం. వైజాగ్‌లో ఇలాంటి బండి కనబడితే జనం ఆగి మరీ అడిగే ప్రశ్న ఒకటే: "ఘాట్ రోడ్డులో భయం వెయ్యదా?" నిజానికి అనంతగిరి ఘాట్‌లో గంటకి 30 కిలోమీటర్ల స్పీడులో వెళ్లేటప్పుడు ట్రైలర్ ఊగే ప్రశ్నే లేదు. అక్కడ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా రెండో గేరులోనో మూడో గేరులోనో దిగడమే పని. తోక జాడించేది తిన్నగా, నున్నగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద. అంటే ఆనందపురం–అనకాపల్లి ఆరు వరసల బైపాస్ లాంటి చోట, కాస్త పల్లంలో, కాలు తెలియకుండానే యాక్సిలరేటర్ మీద బరువెక్కినప్పుడు.

ఆ బైపాస్ చాలా చోట్ల కట్ట మీద ఎత్తుగా పోతుంది. కొండ అడ్డున్నంతసేపూ ఏమీ తెలియదు. కొండ దాటగానే గాలి పక్క నుంచి ఒక్కసారిగా తగులుతుంది. అదే సమయంలో కుడి వైపు నుంచి ఏసీ స్లీపర్ బస్సు దాటిందా, ముందు దాని ముక్కు తోసే గాలి ట్రైలర్‌ని ఎడమకి నెడుతుంది, తర్వాత దాని తోక దాటుతుండగా తనవైపు లాగుతుంది. ఈ నెట్టడం, లాగడం వల్ల మొదలైన ఊపు దానంతట అది తగ్గిపోతే బండి సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో ఊపుకీ పెరుగుతోందంటే ఆ బరువుకి, ఆ లోడుకి ఆ స్పీడు పనికిరాదని అర్థం. ప్రతి ట్రైలర్‌కీ అలాంటి ఒక స్పీడు ఉంటుంది, దానికి కింద ఊపు చచ్చిపోతుంది, పైన బతుకుతుంది. మనం చేసే సర్దుబాట్లన్నీ ఆ గీతని పైకి జరపడానికే.

ఇక కప్లింగ్ సంగతి. మామూలు కప్లింగ్‌లో 50 మిల్లీమీటర్ల టో బాల్ (కారు వెనక ఉండే ఇనుప గుండు) గ్రీజులో హాయిగా తిరుగుతుంది, ఆపేది ఏదీ ఉండదు. స్టెబిలైజర్ కప్లింగ్‌లో లోపల ఫ్రిక్షన్ ప్యాడ్లు ఉంటాయి. తగిలించాక రెండో హ్యాండిల్‌ని కిందికి నొక్కితే ఆ ప్యాడ్లు బాల్‌ని గట్టిగా పట్టేస్తాయి. మలుపులో మామూలుగానే తిరుగుతుంది గానీ, చిన్న చిన్న అటూ ఇటూ కదలికలని ఆ రాపిడి తినేస్తుంది. ఆల్‌కో, వింటర్‌హాఫ్ లాంటి కంపెనీలు వీటిని చేస్తాయి. నాది ఏ కంపెనీదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, పనిచేసే పద్ధతి ఒకటే. అమెరికా వాళ్లు వాడే పక్క బార్ తరహా ఫ్రిక్షన్ కంట్రోల్ వేరు. దాన్ని రివర్స్ చేసే ముందు విప్పాలి. మన సందుల్లో రోజుకి ఎన్నిసార్లు దిగి విప్పుతాం?

తేడా తెలుస్తుందా అంటే తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద 70 దగ్గర హ్యాండిల్ వదిలేసి ఒకసారి, నొక్కి ఒకసారి నడిపి చూశాను. వదిలేసినప్పుడు లారీ దాటాక సీటు కింద నడుముకి రెండు మూడు ఊపులు తెలుస్తాయి. నొక్కినప్పుడు ఒక్క తోపు, అంతే, సర్దుకుంటుంది. మా ఆవిడ పక్క సీట్లో అద్దం వైపు చూడటం మానేసింది. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

అయితే దీంతో నాకున్న పేచీ కూడా ఇక్కడే ఉంది. చిన్న ఊపులే మనకి హెచ్చరిక. వాటిని ఇది మింగేస్తుంది కాబట్టి, లోడు తేడాగా ఉన్నా మనకి తెలియదు. తెలిసేసరికి స్పీడు ఎక్కువగా ఉంటుంది, ఆ ఊపుని ప్యాడ్లు ఆపలేవు. అందుకే ప్రతిసారీ కొత్తగా సర్దిన లోడుతో బయలుదేరినప్పుడు మొదటి కొన్ని కిలోమీటర్లు హ్యాండిల్ ఎత్తేసే నడుపుతాను, 50–60 మధ్య. బండి నిమ్మళంగా ఉందనుకున్నాక ఆపి నొక్కుతాను. దీన్ని బిగించుకునేవాళ్లకి నేనిచ్చే సలహాల్లో ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయం, బరువు. ట్రైలర్ ముక్కు టో బాల్ మీద ఎంత బరువు మోపుతోందన్నదే కీలకం. అమెరికా వాళ్లు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అంటారు. యూరప్‌లో అంతకన్నా తక్కువతో నడుపుతారు, 5 నుంచి 7 శాతం చాలంటారు. అక్కడ స్పీడు కూడా తక్కువే మరి. జర్మనీలో ట్రైలర్ లాగే కారుకి పరిమితి గంటకి 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. బ్రిటన్ మోటార్‌వేల మీద 60 మైళ్లు. మనవాళ్లు యూరప్ లెక్క తీసుకుని అమెరికా స్పీడులో పోతుంటారు, చిక్కంతా అక్కడే.

నా ట్రైలర్‌ని కట్టించింది వేరే ఊళ్లో. పేరు అనవసరం గానీ, కట్టినాయన 100 లీటర్ల నీళ్ల ట్యాంకుని వెనక మంచం కింద పెట్టాడు, నింపడానికి వీలుగా ఉంటుందని. యాక్సిల్‌కి 1.2 మీటర్లు వెనక. యాక్సిల్ నుంచి టో బాల్‌కి 3 మీటర్ల దూరం. లెక్క వేయండి: ట్యాంకు నిండితే 100 కిలోలు, దాన్ని 1.2తో గుణించి 3తో భాగిస్తే ముక్కు మీద 40 కిలోలు తగ్గిపోతాయి. ఖాళీ ట్యాంకుతో 70 కిలోలున్న ముక్కు బరువు, నింపగానే 30. అంటే ఉదయం నీళ్లు పట్టుకుని బయలుదేరితే ఒక బండి, సాయంత్రం నీళ్లయిపోయాక ఇంకో బండి. గాజువాక ఆటోనగర్‌లో కప్లింగ్ బిగిస్తున్న మెకానిక్ కిందికి దూరి చూసి, "ఏటి బాబూ, ట్యాంకీ తీసుకెళ్లి ఎనక్కెట్టీసినారు? తోకని లాగేది ఇదే కదా!" అన్నాడు. దాన్ని యాక్సిల్ మీదకి జరిపించడానికి అయిన ఖర్చు కప్లింగ్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకే రాదు, ఫలితం మాత్రం దానికన్నా ఎక్కువ.

కొలవడానికి పెద్ద సరంజామా ఏమీ వద్దు. మొత్తం బరువుకి లారీలు తూచే వేబ్రిడ్జి చాలు. ముక్కు బరువుకి ఇంట్లో బరువు చూసుకునే మిషన్. ట్రైలర్‌ని చదునుగా నిలబెట్టి, చక్రాలకి అడ్డు పెట్టి, కప్లింగ్ కింద కారుకి తగిలించే ఎత్తులోనే ఉండేలా ఒక చెక్క దుంగని మిషన్ మీద నిలబెట్టి, జాకీ చక్రాన్ని (ట్రైలర్ ముక్కుని నిలబెట్టే చిన్న చక్రం) మెల్లగా పైకెత్తాలి. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇది చేస్తుంటే పైఅంతస్తు ఆయన వచ్చి, "ఏంటండీ, దీనికి కూడా డైటింగా?" అన్నారు. పైపరిమితి కూడా మర్చిపోకూడదు. టో బార్ (టో బాల్‌ని మోసే, కారుకి బిగించిన ఇనుప చట్రం) మీద, కప్లింగ్ మీద అవి ఎంత వరకు ఓర్చుకుంటాయో రాసి ఉంటుంది. రెండింటిలో తక్కువదే మన పరిమితి.

ముక్కు బరువు సరిపోయినంత మాత్రాన అయిపోదు. ముందు ఒక 50 కిలోలు, వెనక చివర ఒక 50 కిలోలు పెట్టినా ముక్కు లెక్క కుదరొచ్చు. కానీ చివర్లలో ఉన్న బరువు ఒకసారి ఊగడం మొదలెడితే ఆగదు. బరువైనవన్నీ యాక్సిల్ దగ్గర, నేల మీద ఉండాలి. మన క్యారవాన్లలో అందరూ పెట్టే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోల పైమాట. నాది యాక్సిల్‌కి కొంచెం ముందు, సోఫా కింద ఉంది. స్పేర్ టైర్‌ని వెనక గోడకి తగిలించడం చూడటానికి స్టైలే, తీసేయండి. పైఅరల్లో దుప్పట్లు, ప్లాస్టిక్ డబ్బాలు మాత్రమే. మా అత్తగారి ఆవకాయ జాడీలు కూడా కిందే, యాక్సిల్ పక్కనే ప్రయాణిస్తాయి. ఈ విషయంలో ఆవిడ ఇప్పటికీ అనుమానంగానే చూస్తారు.

టైర్ల విషయంలో రెండు మాటలు. కారు వెనక టైర్లలో గాలి తలుపు పక్క స్టిక్కర్ మీద ఫుల్ లోడుకి చెప్పినంత ఉండాలి. మెత్తటి టైరు పక్కగోడ వంగి ఊపుకి సాయం చేస్తుంది. ట్రైలర్ టైర్లు పెద్దగా తిరగవు కాబట్టి అరగవు. కానీ మా ఎండకి, ఉప్పుగాలికి పగుళ్లు తీస్తాయి. టైరు మీద నాలుగంకెల తేదీ చూడండి: 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో చేసిందని. ట్రెడ్ కొత్తగా ఉందని మురిసిపోకండి.

వైజాగ్‌లో ఈ కప్లింగ్ మెయింటెనెన్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టో బాల్ మీద గ్రీజు గానీ, పెయింట్ గానీ ఉండకూడదు. కొత్త బాల్‌కి పెయింట్ ఉంటే ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకాలి. మన షెడ్లలో కుర్రాళ్లకి గ్రీజు గన్ చేతిలో ఉంటే కనబడిన ప్రతిదానికీ కొట్టేయడం అలవాటు. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు బాల్‌కి గుడ్డ చుట్టి, టేపు వేసి, "ముట్టుకోవద్దు" అని రాసి ఇస్తాను. పొడిగా వదిలేస్తే సముద్రపు గాలికి వారంలోనే తుప్పు పొర పడుతుంది. అందుకని బయలుదేరే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, సన్న ఎమరీతో రెండు తిప్పులు తిప్పడం మామూలైపోయింది. మలుపుల్లో కీచుమని అరుస్తోందంటే ప్యాడ్ల మీద మురికి చేరిందని. విప్పి రుద్దితే పోతుంది. నా మొదటి సెట్టు ప్యాడ్లు అరిగిపోతే మార్చాను. అరుగుదల చూపించే గుర్తు కప్లింగ్ మీదే ఉంటుంది. ప్యాడ్లు తెప్పించుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది, ఒక జత ముందే కొని పెట్టుకోవడం మంచిది. ఇంకో సంగతి: దీని తల మామూలు కప్లింగ్ కన్నా పెద్దది, కాబట్టి టో బాల్ మెడ పొడుగ్గా ఉండాలి. లేకపోతే మలుపులో తగులుతుంది.

కార్లలో ఉండే ట్రైలర్ స్టెబిలిటీ అసిస్ట్ మంచిదే. కారు చక్రాలకి విడివిడిగా బ్రేకు వేసి ఊపుని ఆపుతుంది. కానీ చాలా బండ్లలో ట్రైలర్ తగిలించారని కంపెనీ వైరింగ్ ద్వారా కంప్యూటర్‌కి తెలిస్తేనే అది పనిచేస్తుంది. బయట టో బార్ వేయించి లైట్ల వైర్లు అతికించుకున్నవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇన్ని చేసినా ఊగితే? లారీ డ్రైవర్లు చెప్పే "తొక్కేయ్, లాగేసి తిన్నగా అవుతుంది" అన్న సలహా వినకండి. ఊపు పెరిగే స్పీడులోకే వెళ్తున్నారు. స్టీరింగ్‌తో ఎదురు తిప్పడం ఇంకా ప్రమాదం, మన చెయ్యి ఎప్పుడూ ఒక ఊపు ఆలస్యమే. యాక్సిలరేటర్ వదిలేయాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, కారు బ్రేకు గట్టిగా నొక్కకూడదు. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే, క్యాబిన్‌లోని లివర్‌తో వాటిని మాత్రమే మెల్లగా వేయొచ్చు. నాది ఓవర్‌రన్ బ్రేకు, అంటే కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకి తోసే తోపుతో దానంతట అదే పడేది, నా చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి నా పరిమితి 80, గాలి ఉన్న రోజు 65. నాతవలస టోల్ దాటాక రోడ్డు ఎంత ఊరించినా అంతే.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. బీచ్ రోడ్డులో టిఫిన్ ట్రైలర్ నడిపే ఇద్దరు కుర్రాళ్లు నన్ను చూసి బిగించుకుందామని అడిగారు. వాళ్ల బండి ఇంటి నుంచి బీచ్‌కి, బీచ్ నుంచి ఇంటికి, 30 దాటదు. ఆ స్పీడుకి ఇది దండగ. గ్యాస్ సిలిండర్లు వెనక గడప దగ్గర నుంచి యాక్సిల్ దగ్గరికి మార్చుకుని, ఆ డబ్బుతో టైర్లు కొత్తవి వేయించుకోమన్నాను.