క్రూయిజ్ నౌకల్లో ఏళ్ల తరబడి ప్రయాణం: క్యాబిన్, బిల్లు, గడియారం గురించి నా సమీక్ష

చిన్నవీ పెద్దవీ, వేర్వేరు సంస్థలు నడిపేవీ అయిన క్రూయిజ్ నౌకల్లో కొన్నేళ్లుగా ప్రయాణిస్తున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రం మీద తీరికగా నాలుగు రోజులు గడపడానికి క్రూయిజ్ చాలా మంచి మార్గం. ఊళ్లు చూడడానికి మాత్రం అంత మంచి మార్గం కాదు. ఒక రేవులో నౌక ఆగేది చాలాసార్లు ఎనిమిది, పది గంటలే. దిగే వరుస, రేవు నుంచి ఊళ్లోకి ప్రయాణం, సాయంత్రం తొందరగా తిరిగి రావడం తీసేస్తే చేతిలో మిగిలేది అయిదారు గంటలు. ఈ సంగతి తెలిసి టికెట్ కొన్నవారు తృప్తిగా తిరిగి వస్తారు. వారంలో అయిదు ఊళ్లు చూసేయాలని లెక్క వేసుకుని వచ్చినవారు మూడో రోజుకే విసుగు పడడం నేను చాలాసార్లు చూశాను.

టికెట్ కొనేటప్పుడు అందరూ నౌక మీదే దృష్టి పెడతారు. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ వంటి నౌకలో ఇరవై డెక్కులు, అంటే అంతస్తులు, ఉంటాయి, నిండితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. అంత పెద్ద నౌకలో ఏ క్యాబిన్ దొరికినా ఒకటేనన్న భ్రమ కలగడం సహజమే. నా అనుభవంలో మాత్రం నౌక ఎంపిక కన్నా క్యాబిన్ ఎంపికే ప్రయాణాన్ని బాగు చేస్తుంది లేదా పాడు చేస్తుంది. బుక్ చేసే ముందు డెక్ ప్లాను తెరిచి, మీ క్యాబిన్ పైన ఏముందో, కింద ఏముందో తప్పక చూడండి. ఈత కొలను ఉన్న డెక్కుకు సరిగ్గా కింద క్యాబిన్ దొరికితే, తెల్లవారకముందే సిబ్బంది కుర్చీలు జరిపే గరగర చప్పుడు నెత్తిమీదే వినబడుతుంది. కింద నాట్యశాల ఉంటే అర్ధరాత్రి దాటాక కూడా మంచం కాళ్ల నుంచి డప్పుల అదురు పాకుతూ వస్తుంది. పైనా కిందా క్యాబిన్లే ఉన్న డెక్కు అన్నిటికన్నా ప్రశాంతం. పక్క క్యాబిన్‌లోకి తలుపు ఉన్న గదుల్లో గోడ చాటు సంభాషణంతా చెవిన పడుతుంది కనుక, కుటుంబంతో రెండు గదులు కలిపి తీసుకునేవారు తప్ప ఇతరులు వాటిని వదిలేయడమే మేలు.

ముందు భాగంలోని కింది డెక్కుల్లో ఉన్నవారికి లంగరు గొలుసు దిగే మోత వేకువనే మెలకువ తెప్పిస్తుంది. వెనుక బాల్కనీల నుంచి నౌక వదిలే నురుగు దారి కనబడుతుంది, ఆ దృశ్యం నిజంగా అద్భుతం. కాని రేవులో నౌకను నిలిపేటప్పుడు అదురు ఎక్కువ, కొన్ని నౌకల్లో పొగగొట్టం నుంచి మసి కూడా రాలుతుంది. ధర తక్కువని, క్యాబిన్ నంబరును సంస్థే నిర్ణయించే టికెట్ తీసుకునేవారు ఈ ఇబ్బందుల్లో ఏదో ఒకదానికి సిద్ధపడాలి. ఒంటరిగా వెళ్లి గదిని నిద్రకు మాత్రమే వాడేవారికి అది మంచి బేరమే. వృద్ధులను వెంట తీసుకువెళ్లేవారు ఆ దారిన పోకండి, ఎందుకంటే లిఫ్టుకు ఆ గది ఎంత దూరంలో పడుతుందో ముందుగా తెలియదు, ఆ వరండాలు ఎంత నడిచినా తరగవు.

కిటికీ లేని లోపలి క్యాబిన్ గురించి చాలామంది భయపడతారు. నాకది ఇష్టం, అంత చిక్కటి చీకటిలో పట్టే నిద్ర మరెక్కడా పట్టదు. చిక్కల్లా పొద్దున పదయిందో అర్ధరాత్రి రెండయిందో తెలియకపోవడమే. చాలా నౌకల టీవీలో నౌక ముందు భాగం నుంచి బయటి దృశ్యాన్ని చూపే ఛానల్ ఒకటి ఉంటుంది. ధ్వని తగ్గించి దాన్ని రాత్రంతా అలాగే వదిలేస్తే, తెల్లవారేసరికి గదిలోకి వెలుగు దానంతటదే వస్తుంది.

సముద్రపు ఊపు విషయంలో కూడా క్యాబిన్ స్థానమే సగం మందు. నౌక పొడవులో మధ్యగా, ఎత్తులో కిందగా ఉన్న గది అన్నిటికన్నా తక్కువ కదులుతుంది. పక్కలకు ఒరిగే ఊపును తగ్గించడానికి పెద్ద నౌకలకు నీటిలోపల రెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ముందు భాగం లేచి పడే ఊపును అవి ఆపలేవు. ఆ ఊపు ఎక్కువగా తెలిసేది ముందు, వెనుక చివర్లలోనే. థియేటర్ చాలా నౌకల్లో ముందు భాగంలోనే ఉంటుంది కనుక, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రాత్రి ప్రదర్శన మధ్యలో లేచిపోయేవారి సంఖ్య ఎక్కువగా ఉంటుంది. లిఫ్టుల దగ్గర, మెట్ల రెయిలింగులకు సిబ్బంది వాంతి సంచులు తగిలించడం కనబడితే, కెప్టెన్ ప్రకటన కోసం ఎదురుచూడకుండా కడుపులో తిప్పకుండా ఆపే మాత్ర అప్పుడే వేసుకోండి. తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మందు పెద్దగా పనిచేయదు. మెక్లిజిన్ వంటి మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. చెవి వెనుక అంటించే స్కోపాలమైన్ పట్టీ మూడు రోజులు పనిచేస్తుంది గాని, గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవారికి తగదు కనుక బయలుదేరే ముందే వైద్యుడిని అడిగి తీరాలి. మందు లేకుండా తట్టుకోగలిగినంత స్వల్పంగా ఉంటే, బయటి డెక్కు మీద మధ్య భాగానికి వెళ్లి ఆకాశం నీటిని తాకే గీతను చూస్తూ నిలబడడం, కొంచెం అల్లం నమలడం చాలు. పడుకుని ఫోను చూడడం మాత్రం వద్దు.

ఎక్కే రోజు పెద్ద లగేజీ రేవులోనే కూలీలకు అప్పగిస్తారు. అది మీ గది తలుపు దగ్గరకు చేరేసరికి సాయంత్రం కావచ్చు, ఒక్కోసారి రాత్రి భోజనం కూడా అయిపోవచ్చు. అందుకే మందులు, పాసుపోర్టు, ఫోను ఛార్జరు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. రోజూ వాడే మందులను పెద్ద సూట్‌కేసులో పెట్టి పంపేసి, రాత్రి భోజనానికి ముందు రిసెప్షన్ దగ్గర ఆందోళనగా నిలబడినవారు దాదాపు ప్రతి ప్రయాణంలోనూ కనబడతారు.

ప్రమాదం వస్తే ఏం చేయాలో, ఎక్కడ చేరాలో నేర్పే భద్రతా డ్రిల్‌ను తప్పించుకోవాలని చూసేవారిపట్ల నాకు సహనం లేదు. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ నౌక రాతిని ఢీకొని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి డ్రిల్ జరగలేదు, ఎందుకంటే అప్పటి నిబంధనల ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. 2015 నుంచి నౌక బయలుదేరే ముందే, లేదా బయలుదేరిన వెంటనే జరిపి తీరాలి. ఇప్పుడు చాలా సంస్థలు సూచనలను ఫోనులో వీడియోగా చూపించి, తరువాత మీరు చేరవలసిన చోటికి వచ్చి కార్డు చూపించమంటాయి. ఏడు పొట్టి కూతలు, వాటి వెంట ఒక పొడవాటి కూత వినబడితే అది ప్రమాద సంకేతం. గది నుంచి ఆ చోటికి ఒకసారి లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా నడిచి చూడండి; అయిదు నిమిషాల పని.

సామాను విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. చాలా నౌకల్లో క్యాబిన్ గోడలు ఉక్కువి కనుక అయస్కాంతపు కొక్కేలు నాలుగు తీసుకెళితే తడి బట్టలు, టోపీలు, సంచులు అన్నీ గోడకే తగిలించుకోవచ్చు. ఆ చిన్న గదిలో అంతకు మించి పనికొచ్చిన వస్తువు నాకు మరొకటి లేదు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, కొవ్వొత్తులు తెస్తే తనిఖీలో తీసుకుని చివరి రోజు ఇస్తారు. విద్యుత్ హెచ్చుతగ్గుల నుంచి రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఇంట్లో మంచివే గాని, నౌక విద్యుత్ వ్యవస్థ వేరు కనుక అవి అక్కడ మంటలకు దారితీయగలవు, వాటినీ అనుమతించరు. యూఎస్‌బీ రంధ్రాలు ఎక్కువున్న చిన్న ఛార్జరు చాలు. బట్టలు ఉతుక్కోవాలనుకునేవారు సంస్థను చూసి ఎంచుకోవాలి: కార్నివాల్, ప్రిన్సెస్ సంస్థల చాలా నౌకల్లో ప్రయాణికులే వాడుకునే లాండ్రీ గదులుంటాయి, రాయల్ కరీబియన్‌లో ఉండవు.

ఇక బిల్లు. టికెట్ ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమేనని అందరికీ తెలుసు, అయినా చివరి రోజు అందరూ ఆశ్చర్యపోతారు. కారణం, నౌకలో నోటు చేతికి తగలదు. గది తాళంగా పనిచేసే కార్డునే ప్రతిచోటా చూపిస్తూ పోతాము. చాలా సంస్థలు సిబ్బంది టిప్పులను తలకింత చొప్పున ప్రతి రోజూ ఖాతాలో వేస్తాయి, పానీయాల మీద సేవా రుసుము వేరుగా ఉంటుంది. పానీయాల ప్యాకేజీ కొనమని ఎక్కిన క్షణం నుంచి వెంటపడతారు. రోజుకు ఎన్ని తాగుతారో నిజాయితీగా లెక్క వేసుకోండి, రేవులో గడిపే రోజుల్లో ఆ ప్యాకేజీ సగం వృథా అని గుర్తుంచుకోండి. ఒకే గదిలోని పెద్దలందరూ కొనాలన్న షరతు కూడా చాలాచోట్ల ఉంటుంది. కొళాయి నీరు తాగడానికి పనికొస్తుంది, సీసా నీటికి డబ్బు పెట్టనక్కరలేదు. డెబిట్ కార్డు కన్నా క్రెడిట్ కార్డు ఇవ్వడం మంచిది, ఎందుకంటే సంస్థ ముందుగా పట్టి ఉంచే మొత్తం డెబిట్ కార్డు ఇచ్చినవారి బ్యాంకు ఖాతాలోంచే ఆగిపోతుంది, తిరిగి విడుదలయ్యేసరికి రోజులు పడుతుంది. ఖాతాను రోజు విడిచి రోజైనా టీవీలో లేదా యాప్‌లో చూసుకోండి. నేను తాగని పానీయాలు నా ఖాతాలో కనబడిన సందర్భం ఒకటుంది. మరునాడే అడిగాను కనుక రెండు నిమిషాల్లో తీసేశారు. దిగే రోజు ఉదయం అదే పనికి వచ్చినవారి వరుస చాలా పొడుగ్గా ఉంటుంది.

ఫోను నౌక ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. సముద్రం మీద నౌకలోని సెల్ నెట్‌వర్క్‌కు ఫోను దానంతటదే అంటుకుంటే రోమింగ్ ఛార్జీలు మామూలు విదేశీ రోమింగ్ కన్నా చాలా ఎక్కువ పడతాయి. వైఫై గతంలో నిజంగా నిరుపయోగంగా ఉండేది. 2022 తరువాత స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టుకున్న నౌకల్లో వీడియో కాల్ మాట్లాడగలిగేంత మెరుగైంది.

భోజనశాల ముందు ఉండే చేతుల జెల్‌ను నమ్ముకోవద్దు. నౌకల్లో వ్యాపించే వాంతులు, విరేచనాలకు ఎక్కువగా కారణమయ్యే నోరోవైరస్ ఆల్కహాల్ జెల్‌కు సరిగా లొంగదు. సబ్బుతో, పారే నీటితో కడగడమే పనిచేస్తుంది. బఫేలో వడ్డించే గరిటెను వందల చేతులు పట్టుకుంటాయి కనుక, పళ్లెం నింపుకున్నాక, తినే ముందు, మళ్లీ ఒకసారి కడుక్కోవడం నా అలవాటు. నౌకలో వైద్యుడు ఉంటాడు, చికిత్సకు డబ్బు తీసుకుంటాడు. హెలికాప్టరులో తరలించవలసి వస్తే అయ్యే ఖర్చు ఊహకు అందదు. ఆ తరలింపు కూడా కలిసిన ప్రయాణ బీమా లేకుండా వెళ్లడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

గడియారం విషయంలో నౌక కచ్చితంగా ఉంటుంది. నౌక సమయం, రేవు ఊరి సమయం ఒక్కోసారి వేరుగా ఉంటాయి, ఫోను దిగగానే ఊరి సమయానికి మారిపోతుంది. అందుకే నౌక సమయం పెట్టిన చేతి గడియారం ఒకటి ఉండాలి. తిరిగి ఎక్కడానికి ఇచ్చే గడువు బయలుదేరే వేళకు అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. ఒక సాయంత్రం గడువు దాటాక, భార్యాభర్తలిద్దరు రేవు గట్టు మీద చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తడం పై డెక్కు నుంచి చూశాను. అప్పటికే గట్టు నుంచి నౌకలోకి ఎక్కే వంతెన, గ్యాంగ్‌వే, లోపలికి లాగేశారు, వెనుక తాడు ఒకటే మిగిలింది; గట్టు మీది ఉద్యోగి చేతులు అడ్డంగా ఊపాడు. డెక్కు మీదివారు కొందరు చప్పట్లు కొట్టారు, అది నాకు నచ్చలేదు. సంస్థ ఏర్పాటు చేసిన విహారయాత్ర ఆలస్యమైతే నౌక ఆగుతుంది లేదా తరువాతి రేవుకు చేర్చే బాధ్యత సంస్థ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవారికి ఆ భరోసా లేదు, తరువాతి రేవుకు దారి, ఖర్చు వారివే. అయినా నేను సొంతంగా తిరగడానికే మొగ్గుతాను, ఎందుకంటే సంస్థ బస్సుల్లో ధర ఎక్కువ, సగం పొద్దు దుకాణాల ముందే గడుస్తుంది. దూరపు ఊళ్లకు మాత్రం సంస్థ బస్సే ఎక్కుతాను. గ్రీసు దీవి శాంటోరిని వంటి చోట్ల నౌక గట్టుకు రాదు, టెండర్లనే చిన్న పడవల్లో చేరవేస్తారు; గాలి ఎక్కువైతే ఆ రేవునే వదిలేసి వెళ్లిపోతారు. అలా వదిలేస్తే రేవు రుసుము మాత్రమే తిరిగి వస్తుంది తప్ప టికెట్ ధర తగ్గదు. రేవును వదిలేసే హక్కు సంస్థకు ఉందని టికెట్ ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

ఒక దేశాన్ని వదిలి మళ్లీ అదే దేశానికి వచ్చే మార్గమైతే వీసా పలుమార్లు ప్రవేశానికి వీలిచ్చేదై ఉండాలి. ఒకేసారి ప్రవేశించే వీసాతో వచ్చినవారిని రేవులోనే ఆపేయవచ్చు. నౌక ఎక్కే రోజే విమానం దిగేలా టికెట్ తీసుకోకండి, ముందురోజే ఆ ఊరు చేరండి. తిరుగు ప్రయాణంలో కూడా మధ్యాహ్నం తరువాతి విమానమే క్షేమం. చివరి రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు, పాసుపోర్టు, మరునాటి బట్టలు, చెప్పులు అందులో పడకుండా చూసుకోండి. మోయగలిగినంత సామానే ఉన్నవారు తామే పట్టుకుని దిగే అవకాశం చాలా నౌకల్లో ఉంది. అలా దిగితే అందరికన్నా ముందు రేవు బయట పడవచ్చు, లగేజీ శాలలో ఒకేలా ఉన్న నల్ల పెట్టెల మధ్య మీది వెతుక్కునే పని కూడా ఉండదు.