విశాఖ నుంచి భీమిలికి ఒక్కరోజు: పదేళ్లకు పైగా తిరిగిన దారి

విశాఖపట్నం నుంచి సముద్రం పక్కగా భీమిలి దాకా వెళ్లి, చీకటి పడే వేళకు ఇల్లు చేరడం నాకు పదేళ్లు దాటిన అలవాటు. 2015 మొదట్లో ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చాను. అప్పటికి హుద్‌హుద్ తుఫాను వచ్చి ఏడాది కూడా నిండలేదు. కైలాసగిరి మీద కొమ్మలు విరిగిన చెట్లు ఇంకా అలాగే నిలబడి ఉండేవి. అప్పటి నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు, ఒంటరిగానో, అమ్మతోనో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలతోనో ఈ దారిన వెళ్తూనే ఉన్నాను.

ముప్పై కిలోమీటర్ల లోపు దారికి ముందస్తు ఆలోచన ఎందుకని చాలామంది అడుగుతారు. దూరం తక్కువ కావడమే ఇక్కడ చిక్కు. దగ్గరే కదా అని పది గంటలకు బయలుదేరతారు. కనిపించిన ప్రతిచోటా ఆగుతారు. అసలు చూడవలసినవి దారి చివర ఉన్నాయి, అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది.

మా మొదటి ప్రయాణం సరిగ్గా అలాగే సాగింది. కైలాసగిరి, తెన్నేటి పార్కు, రుషికొండ అన్నీ వరుసగా చూసుకుంటూ ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగేసరికి ఒంటిగంట అయింది. మే నెల. ఇసుక వేడి చెప్పుల్లోంచి తగిలింది. అమ్మ ఒక జీడిమామిడి చెట్టు నీడన కూర్చుని, "ఇంక నేను రాలేనురా, నువ్వు చూసిరా" అంది. నేనూ వెళ్లలేకపోయాను. ఆ రోజు భీమిలి చూడకుండానే తిరిగివచ్చాం. ఆ తర్వాత నుంచి నేను పాటించేది ఒక్కటే పద్ధతి: దారిలో ఎక్కడా ఆగకుండా ముందు భీమిలి చేరడం, అక్కడి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక్కి రావడం.

ఇందుకు తెల్లవారుజామునే లేవాలి. విశాఖలో జూన్‌లో 5.20 ప్రాంతంలోనే సూర్యుడు వస్తాడు, జనవరిలో 6.25 దాటుతుంది. స్కూటరు ఉంటే సూర్యోదయం భీమిలి ఒడ్డున చూడవచ్చు. బస్సయితే రైల్వేస్టేషన్ వైపు నుంచి వచ్చే 900కె సముద్రం పక్కగానే వెళ్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. రెండు రకాలుగానూ వెళ్లి చూశాను. ఒక్కరో ఇద్దరో అయితే బస్సే మేలు. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే రోజంతటికీ ఆటో మాట్లాడుకోవాలి. ఎక్కడెక్కడ ఆపాలో, ఎన్ని గంటలు వేచి ఉండాలో బయలుదేరకముందే చెప్పి ధర ఖాయం చేసుకోండి. ఒకసారి ఆ మాట స్పష్టంగా అనుకోకపోవడం వల్ల దిబ్బల దగ్గర అరగంట వాదన పెట్టుకోవలసి వచ్చింది, చుట్టాల ముందు మనసు చివుక్కుమంది.

పొద్దున్నే భీమిలి ఎంత బాగుంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. బొర్రా గుహల్లోంచి పారి వచ్చిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒక్కో ఋతువులో ఆ కలిసేచోటు ఒక్కోలా ఉంటుంది. వానాకాలంలో ఎర్రనీళ్లు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోతాయి, వేసవిలో ఇసుక మేట అడ్డుపడి నది మడుగులా నిలిచిపోతుంది. వేటకు వెళ్లిన పడవలు తిరిగివచ్చే వేళకు అక్కడ ఉంటే కానాగంతలు, కవళ్లు వంటి చేపలను బుట్టల్లోకి ఎత్తడం, ఒడ్డునే బేరాలు జరగడం చూడవచ్చు. పడవల ఫోటోలు తీసేముందు ఒక్కమాట అడగండి. వాళ్లు పనిలో ఉన్నారు.

ఊళ్లో తొందరపడకుండా ఒక గంట నడవాలి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. డచ్చివారి పాత సమాధులు, దీపస్తంభం, గడియార స్తంభం అన్నీ నడకదూరంలోనే ఉన్నాయి. భీమిలి పురపాలక సంఘం 1861 నాటిదని ఊరివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. చెప్పుకోదగ్గ సంగతే. ఒడ్డున ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు కనిపిస్తాయి. అది మురికి అనుకుని పిల్లలు పక్కకు తప్పుకుంటారు. ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలవి. తేలికైన ఇసుకను అల తీసుకుపోతే ఇవి మిగులుతాయి. గుప్పెడు తీసి పిల్లల చేతిలో పెట్టండి, బరువు తేడా వాళ్లకే తెలుస్తుంది.

అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు వెనక్కి వస్తే ఎర్రమట్టి దిబ్బలు. ఈ ప్రయాణంలో ఒక్కటే చూసే వీలుందంటే నేను దీన్నే చూడమంటాను. తొమ్మిదిలోపు చేరాలి. ఏటవాలు ఎండలో ఆ ఎరుపుకు లోతు వస్తుంది, వాగులు కోసిన గట్ల నీడలు పొడుగ్గా పడతాయి. పన్నెండు గంటల ఎండలో అదంతా వెలిసిపోయి చదునుగా కనిపిస్తుంది. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము వేల ఏళ్లుగా తుప్పు పట్టి ఎర్రబారింది. తర్వాత వాన నీళ్లు ఆ దిబ్బలను కోసి ఈ లోయలు చేశాయి. దక్షిణాసియాలో ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక తమిళనాడులో, శ్రీలంకలో, ఇక్కడ తప్ప పెద్దగా లేదు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దీని పేరు చేరినప్పుడు మా ఇంట్లో అందరం సంతోషించాం.

కానీ ఇది రాయి కాదు, అదిమిన ఇసుక. గట్టు అంచు మీద నిలబడితే కింద జారుతుంది, ఒక్కోసారి మనిషితో సహా. పదేళ్లలో నాకు గుర్తున్న రెండు గట్లు ఆనవాలు లేకుండా పోయాయి. వానలు కొంత కారణం, ఫోటోల కోసం పైకెక్కే కాళ్లు కొంత కారణం. దయచేసి వాగు అడుగునే నడవండి. నీళ్లు వెంట తెచ్చుకోండి, లోపల దొరకవు. పాదాలు పూర్తిగా కప్పే బూట్లు వేసుకోండి, మొగలి పొదల దగ్గర పాముల భయం ఉంది.

పదకొండు దాటాక తొట్లకొండ. పైదాకా రోడ్డుంది. బస్సు దిగి నడిచేవారికి మాత్రం ఎండలో ఎక్కుడు కష్టం. 128 మీటర్ల ఎత్తున, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు ఇది. వాన నీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. గోడల పునాదుల మధ్య నుంచి చూస్తే కింద సముద్రం తప్ప మరేమీ కనిపించదు. ఆ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. కొండ దిగాక మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది, అయిదు నిమిషాలు చాలు.

భోజనం గురించి ఒక హెచ్చరిక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. నాకది తెలియని ఒక మే నెలలో తీరం పక్కనే ఉన్న ఒక హోటల్లో తాజా వంజరం చేప అంటే నమ్మి తిన్నాం. రాత్రంతా ముగ్గురం బాధపడ్డాం. ఆ రెండు నెలలూ పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తాం. దారి పొడుగునా తాటిముంజెలు ఎలాగూ ఉంటాయి.

రుషికొండకు నాలుగు తర్వాత రండి. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరం అది. స్నానానికి హద్దులు పెట్టిన చోటే దిగండి. మా మేనల్లుడు మోకాలి లోతులో నిలబడి ఉండగానే వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేసింది. కాపలా ఉన్న మనిషి ఈల వేసి పరుగెత్తుకురాకపోతే ఏమయ్యేదో తలచుకోను. ఈ తీరమంతటా సముద్రం చూడడానికి చల్లగా కనిపిస్తుంది, కాలు పెడితే వేరు.

కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఈ రోజులో ఇరికించవద్దు. అవి ఊళ్లోనే ఉన్నాయి, ఇంకో సాయంత్రం వెళ్లవచ్చు. కురుసురకు సోమవారం సెలవని గుర్తుంచుకోండి. నెలల విషయానికి వస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆదివారాలు మాత్రం మానుకోండి, రుషికొండ దగ్గర వాహనాలు కదలవు.

తిరుగు ప్రయాణంలో సముద్రం ఎడమవైపుకు వస్తుంది. అమ్మ ఇప్పటికీ ఆ కిటికీ ఎవరికీ ఇవ్వదు. తెన్నేటి పార్కు దాటేసరికి చీకటి పడుతుంది. రేవులోకి వెళ్లడానికి వేచి ఉన్న ఓడల దీపాలు దూరంగా వరుసకట్టి కనిపిస్తాయి. అమ్మ వాటిని లెక్కపెడుతుంది. కిందటిసారి పదకొండు.