ఆరు కేజీల ఇనప క్లబ్‌తో రెండున్నరేళ్ళు

హెవీ క్లబ్ అంటే పిడి పట్టుకుని భుజాల చుట్టూ తిప్పే బరువైన ఇనప ముద్గరం. అది మొదలుపెడదామనుకునే ప్రతివాళ్ళూ నన్ను ముందు అడిగేది ఒకటే, ఎన్ని కేజీలది తీసుకోవాలి అని. రెండు చేతులతో పట్టుకుని తిప్పడానికైతే మగవాళ్ళు 6 నుంచి 8 కేజీల మధ్య, ఆడవాళ్ళు 4 కేజీల దగ్గర మొదలుపెట్టొచ్చు. ఒంటి చేత్తో అయితే అందులో సగం చాలు. జిమ్‌లో 20 కేజీల డంబెల్ ఎత్తే అలవాటున్నవాళ్ళకి ఇది మరీ తక్కువనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, బరువు పెంచుకునే వీలుందని, 10 కేజీల దాకా ప్లేట్లు బిగించే క్లబ్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. నెల తిరక్కుండానే పూర్తి బరువుకి వెళ్ళిపోయాను.

సుత్తిని తల దగ్గర పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, పిడి చివర పట్టుకుంటే అదే సుత్తి చేతిని కిందికి లాగేస్తుంది. క్లబ్ కూడా అంతే. డంబెల్ బరువు గుప్పిటకి రెండు పక్కలా సమానంగా ఉంటుంది, దీని బరువంతా గుప్పిటకి అడుగు దూరంలో ఉంటుంది. పైగా అది కదులుతూ ఉంటుంది. అది తెలియక పిడిని శక్తికొద్దీ బిగించి పట్టుకునేవాణ్ణి. రెండో నెలలో కుడి మోచెయ్యి బయటి వైపు నొప్పి మొదలైంది. తడి తువ్వాలు పిండలేకపోయాను, బండి యాక్సిలరేటర్ తిప్పినా సలుపే. ఆరు వారాలు పూర్తిగా ఆపేశాను.

ఆ ఆన్‌లైన్ క్లబ్ కూడా మంచిది కాదు. మూడో వారం నుంచే బోల్టు వదులై, తల వెనక నుంచి వచ్చేటప్పుడు ప్లేట్లు టకటకమనేవి. ఊడితే వీపు మీదే పడుతుంది. అమ్మినవాళ్ళని అడిగితే వాపసు గడువు అయిపోయిందన్నారు. నా సలహా అయితే, ప్లేట్లు బిగించే రకం జోలికి మొదట్లో వెళ్ళొద్దు. బోల్టులు లేనిది, ఒకే బరువుది తీసుకోండి.

విజయవాడలో ఉన్నవాళ్ళకి ఇంకో మంచి దారి ఉంది, వర్క్‌షాపులుండే ఆటోనగర్. నేను అక్కడి లేత్ షాపులో చేయించుకున్నాను. 50 మిల్లీమీటర్ల గుండ్రటి కమ్మీ 30 సెంటీమీటర్లు, పిడికి 25 మిల్లీమీటర్ల కమ్మీ 35 సెంటీమీటర్లు. లావు కమ్మీలో 5 సెంటీమీటర్ల లోతు బెజ్జం వేయించి, పిడి కమ్మీని అందులోకి దించి, చుట్టూ వెల్డింగ్ పెట్టించాలి. ఊరికే ఆనించి వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు, ఊపంతా పడేది ఆ అతుకు మీదే. పిడి చివర చెయ్యి జారకుండా గుబ్బ ఉండాలి. కాటా పెడితే కాస్త అటూ ఇటూగా 6 కేజీలు వచ్చింది. పిడికి బ్యాడ్మింటన్ రాకెట్ గ్రిప్పు చుట్టాను. మన ఉక్కపోతకి అది రెండు నెలలు కూడా ఆగదు, కానీ చవక కాబట్టి మార్చుకుంటూ ఉంటాను. రోహిణి కార్తెలో అరచేతులు జారతాయి. ఆ రోజుల్లో ఉదయం 6 లోపే ముగించి, ప్రతి సెట్టుకీ చేతులు తుడుచుకోవడమే.

అసలు పాఠం నేర్పింది మా పక్క డాబా మీద తులసికి నీళ్ళు పోసే పెద్దాయన. తెనాలి వైపు పల్లెలో పెరిగారు, వయసులో ఉన్నప్పుడు సాము చేసినవారు. నేను మళ్ళీ మొదలుపెట్టిన రోజుల్లో ఒక పొద్దున పిట్టగోడ దగ్గరికొచ్చి, "అబ్బాయ్, ముద్గరాన్ని చేతుల్తో మోస్తున్నావేంటి? దాన్ని పోనివ్వు, దారి మాత్రం నువ్వు చూపించు" అన్నారు. "ఎలా బాబాయ్ గారూ?" అంటే, "వెనక్కి వెళ్ళాక మోచెయ్యి చెవి పక్కన ఉండాలి. గుబ్బ ఆకాశాన్ని చూడాలి. అప్పుడది వేలాడుతుంది. వేలాడేదాన్ని మోయక్కర్లేదు" అన్నారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి కబుర్లు కూడా చెప్పారు, అవి ఇంకో అరగంట.

ఆ ఒక్క మాటతో షీల్డ్ కాస్ట్ అనే తిప్పుడు అర్థమైంది. క్లబ్‌ని రెండు చేతులతో పొట్ట ముందు నిటారుగా నిలబెట్టి, ఒక భుజం మీదుగా వెనక్కి వదిలి, వీపు వెనక వేలాడించి, రెండో భుజం మీదుగా ముందుకి తెచ్చి మళ్ళీ నిలబెట్టడం. సరిగ్గా పడినప్పుడు వెనక ఒక్క క్షణం బరువే తెలియదు. భుజం కీలు, చంక కింది కండ మెల్లగా సాగినట్టుంటుంది. తప్పుగా పడితే నడుము ముందుకి విల్లులా వంగిపోతుంది, మణికట్టు పీకుతుంది. పిరుదులు బిగించి, పక్కటెముకలు పైకి లేవకుండా చూసుకుంటే నడుం క్షేమం.

మళ్ళీ మొదలుపెట్టాక మొదటి మూడు నెలలూ నేను చేసింది అదొక్కటే. వారానికి మూడు రోజులు, నిమిషం మొదలవగానే చెరో వైపు ఐదుసార్లు, మిగిలిన నిమిషం ఊపిరి. అలా పది నిమిషాలు. వారానికో నిమిషం పెంచుతూ ఇరవై నిమిషాలకి వచ్చాక చెరో వైపు ఏడు, ఆ తర్వాత పది. బరువు మాత్రం పెంచలేదు. వినడానికి విసుగ్గా ఉంటుంది కానీ కండ నెలల్లో గట్టిపడినా దాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడ్డానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. నా మోచెయ్యి నొప్పి తిరిగి రాకపోవడానికి కారణం ఆ ఓపికేనని నా నమ్మకం.

వీడియోలు చూసేటప్పుడు ఒకటి గమనించండి. చిన్న చెక్క క్లబ్‌లు గిరగిరా తిప్పేది వేరే విద్య. బ్రిటిష్‌వాళ్ళు మన దగ్గర చూసి పట్టుకెళ్ళిన ఆ తేలికపాటి క్లబ్‌ల ఆట 1904, 1932 ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ పోటీగా కూడా ఉంది. అందులో వేగం, చేతి ఒడుపు ముఖ్యం. హెవీ క్లబ్‌ని ఆ వేగంతో తిప్పబోతే భుజం జారుతుంది.

ఫలితం విషయానికొస్తే, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని బిగుసుకుపోయిన మెడ, భుజాలు వదులయ్యాయి. బీరువా పై అర అందుకుంటే కలుక్కుమనే ఎడమ భుజం ఇప్పుడు మాట్లాడదు. పట్టు బాగా పెరిగింది. ఇంద్రకీలాద్రి మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. బరువు తగ్గలేదు, దాని కోసం కొనేవాళ్ళు తిండి సంగతి చూసుకోవాలి. కాళ్ళకి ఇది చాలదు, నేను పక్కన బస్కీలు తీస్తాను. భుజం ఒకసారి జారినవాళ్ళు, మెడ డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. ఇంట్లో ఫ్యాన్ కింద అసలే వద్దు. చుట్టూ రెండు మీటర్లు ఖాళీ, పిల్లలెవరూ వెనకనుంచి రాకుండా మెట్ల తలుపుకి గొళ్ళెం, నాకు ఇవి రెండూ నియమాలు.

ఏడాదిన్నర తర్వాత అదే షాపులో 65 మిల్లీమీటర్ల కమ్మీతో 10 కేజీలది చేయించాను. ఈసారి మోచెయ్యి ఏమీ అనలేదు. ఇప్పుడు దాంతో మిల్ అనే ఇంకో తిప్పుడు నేర్చుకుంటున్నాను. కుడి వైపు కుదిరింది. ఎడమ వైపు తిరిగేటప్పుడు ఇంకా పాదం మార్చడం ఆలస్యమవుతోంది, బాబాయ్ గారు పిట్టగోడ మీద చెయ్యి ఆనించి లెక్కపెడుతున్నారు.