పదిహేనేళ్లు పీజీపీ వాడాక: తాళం గట్టిదే, బేరమే లేదు

ఈమెయిల్‌కి పీజీపీ వాడటం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఉత్తరాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళంచెవి ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని పిచ్చి అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్ అది. ఇన్నేళ్లలో ఎన్‌క్రిప్ట్ అయి నాకు వచ్చిన ఉత్తరాలు మూడు వందలు కూడా ఉండవు. అందులో సగం "టెస్ట్, ఓపెన్ అయిందా?" అనేవే. సాఫ్ట్‌వేర్ చెడ్డదని కాదు. నా ఉత్తరాలను ఎవరైనా బద్దలు కొట్టి చదివారని అనుమానించే సందర్భం ఒక్కటీ రాలేదు. జరిగిన నష్టాలన్నీ నా చేతుల మీదుగా జరిగినవే, వాటి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు దీని పుట్టుక. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీని ఉచితంగా వదిలాడు. అది దేశం దాటిపోయిందని అమెరికా ప్రభుత్వం ఆయుధాల ఎగుమతి నిబంధనల కింద విచారణ పెట్టి, 1996 దాకా నడిపి, చివరికి కేసు వేయకుండానే ఊరుకుంది. సర్కారే భయపడిందంటే అంతకు మించిన ప్రచారం ఏ సరుకుకి దొరుకుతుంది? అయినా వ్యాపారంగా దాని జాతకం చూడండి. 1997 చివర్లో నెట్‌వర్క్ అసోసియేట్స్ అనే సెక్యూరిటీ కంపెనీ కొంది, 2002లో వదిలించుకుంది. 2010లో సిమాంటెక్ 30 కోట్ల డాలర్లు పెట్టి కొంది. అప్పటికి దాని కొనుగోలుదారులు ప్రధానంగా పెద్ద సంస్థలే. మనలాంటి వాళ్ల ఇన్‌బాక్స్‌లోకి మాత్రం అది రానే లేదు.

నేను వాడేది అదే పద్ధతిలో పనిచేసే ఉచిత ప్రోగ్రామ్, గ్నూపీజీ. వెర్నర్ కోఖ్ అనే జర్మన్ ప్రోగ్రామర్ దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో నడిపాడు. ఆయన దగ్గర డబ్బులు అయిపోవచ్చాయని 2015 ఫిబ్రవరిలో వార్త వచ్చాక గానీ ఫేస్‌బుక్, చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ కదల్లేదు. అప్పుడు ఏడాదికి చెరో 50,000 డాలర్లు ఇస్తామన్నాయి. ప్రపంచమంతా ఆధారపడే తాళానికి అదీ గిరాకీ.

ఇక నా కథ. ఇందులో కీలు, అంటే తాళంచెవులు, రెండు: అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో అవతలివాళ్లు ఉత్తరాన్ని మూస్తారు, నా దగ్గరే ఉండాల్సిన ప్రైవేట్ కీతో నేను తెరుస్తాను. మొదటిరోజు ఉత్సాహంలో కీ తయారుచేసి, గడువు తేదీ అడిగితే "ఎప్పటికీ వద్దు" అని నొక్కి, పబ్లిక్ కీని ఎవరైనా వెతుక్కునే సర్వర్‌కి ఎక్కించాను. ఆ కీని రద్దు చేయడానికి ముందే ఒక సర్టిఫికెట్ తీసి దాచుకోవాలట. దాచుకోలేదు. ప్రైవేట్ కీని కాపాడే పాస్‌ఫ్రేజ్, అంటే పొడుగాటి పాస్‌వర్డ్, ఏడు పదాలు. రెండేళ్లయ్యాక ఒకరాత్రి బుద్ధి పుట్టి అందులో ఒక పదం మార్చాను. నాలుగు రోజులకి ఏ పదం మార్చానో, దేనికి మార్చానో గుర్తులేదు. ఒక సాయంత్రమంతా పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీలు, చివర అంకెలు... ప్రతిసారీ అదే జవాబు, తప్పు పాస్‌ఫ్రేజ్. నలభై ఉత్తరాలు, అన్నీ నావే, నా కంప్యూటర్లోనే ఉన్నాయి, నాకే తెరుచుకోవు. "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అనే లింకు ఇక్కడ ఉండదు. అలాంటి లింకు పనిచేసిందంటే నా తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉన్నట్టే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది.

ఈ సరుకు ఎందుకు అమ్ముడుపోదో నాకు ఆ రాత్రే సగం అర్థమైంది. ఎవడో నా ఉత్తరాలు చదవబోయి చదవలేకపోయిన సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. నేను చదవలేకపోయిన సంగతి మాత్రం కళ్లెదుట ఉంది. లాభం కంటికి కనపడదు, నష్టం కనపడుతుంది. ఏ దుకాణదారు అమ్మగలడు దీన్ని?

మిగతా సగం మా అకౌంటెంట్ నేర్పారు. నా బ్యాంకు కాగితాలు మామూలు ఈమెయిల్‌లో పంపడం ఇష్టంలేక, ఫోన్‌లో గంటసేపు చెప్పి ఆయన చేత కీ చేయించాను. "ఇప్పుడు మీ కీ నాకు పంపండి" అన్నాను. పంపారు. ఫైలు తెరిస్తే మొదటి వరుసలోనే "బిగిన్ పీజీపీ ప్రైవేట్ కీ బ్లాక్" అని ఉంది. ఆయన ఎవరికీ ఇవ్వకూడనిది అదొక్కటే! మళ్లీ ఫోన్ చేస్తే, "మీరడిగిందే పంపాను కదండీ, కీ" అన్నారు. ఆయన తప్పేముంది? లోకంలో ఏ తాళానికైనా ఒకటే తాళంచెవి, అందరికీ పంచిపెట్టే తాళంచెవి ఎక్కడైనా ఉంటుందా? 1999లో ఇద్దరు పరిశోధకులు పన్నెండుమందికి పీజీపీ ఇచ్చి, గంటన్నర టైమిచ్చి, ఒక ఉత్తరాన్ని సంతకం చేసి ఎన్‌క్రిప్ట్ చేయమంటే సరిగ్గా చేసినవాళ్లు మూడో వంతే. ముగ్గురైతే రహస్యాన్ని బట్టబయలుగానే పంపేశారు. అంతెందుకు, 2012 చివర్లో, తర్వాత అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ పేరు చెప్పకుండా రాసి, పీజీపీ పెట్టుకోమని బతిమాలితే, గ్లెన్ గ్రీన్‌వాల్డ్ లాంటి జర్నలిస్టే నెలల తరబడి పట్టించుకోలేదు.

నేనూ తక్కువవాణ్ణి కాను. ఉద్యోగం మానేస్తున్న సంగతి ఒక మిత్రుడికి పకడ్బందీగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపి, సబ్జెక్ట్‌లో "నా రాజీనామా గురించి" అని రాశాను. అప్పట్లో నా దగ్గర సబ్జెక్ట్ లైన్ ఎన్‌క్రిప్ట్ అయ్యేది కాదు.

మధ్యలో డబ్బు పెట్టి ఫైళ్లు దాచే ప్రోగ్రామ్ కూడా ఒకటి కొన్నాను. పేరు చెప్పను. పేజీ నిండా "మిలిటరీ గ్రేడ్" అని ఉంది. కొన్నాక ఒక ఫైలు పెట్టి చూస్తే పిచ్చి అక్షరాలు వచ్చాయి. బాగుందనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, చేతకాని ప్రోగ్రామ్ నుంచీ వచ్చేవి అవే పిచ్చి అక్షరాలు కదా! కూరగాయలైతే వేలితో నొక్కి చూస్తాం. దీన్ని ఎలా నొక్కి చూడాలి? మంచి చెడ్డలు తెలియని బజార్లో గట్టి సరుకు తయారుచేసేవాడికి ఎక్కువ ధర పలకదు, కాబట్టి గట్టిగా అరిచేవాడే నిలబడతాడు. ఆ కంపెనీ అయితే అదీ నిలబడలేదు, మూతపడింది. దాని ఫైళ్లు దానితోనే తెరుచుకుంటాయి, అందుకని ఒక పాత ల్యాప్‌టాప్‌ని ఇప్పటికీ పారేయలేదు.

మరి ఎన్‌క్రిప్షన్ అసలు గెలవలేదా అంటే, గెలిచింది. చివరికి విసిగిపోయి మా అకౌంటెంట్ "ఆ కాగితాలు వాట్సాప్‌లో పెట్టేయండి సార్" అన్నారు చూడండి, అక్కడ గెలిచింది. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి ప్రతి సందేశాన్నీ ఎన్‌క్రిప్ట్ చేస్తోంది. వంద కోట్ల పైచిలుకు జనం ఒక్క బటన్ నొక్కకుండా, ఒక్క కీ పంచుకోకుండా, రాత్రికి రాత్రి దాని కిందికి వచ్చారు. ఎవరికి ఎప్పుడు రాశామనేది కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది, చాట్ బ్యాకప్ మీద కూడా విడిగా శ్రద్ధ పెట్టాలి, అది వేరే లెక్క. వెబ్‌సైట్లదీ ఇదే దారి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివర్లో, వెబ్‌సైట్లు ఎన్‌క్రిప్షన్‌కి వాడే సర్టిఫికెట్లను ఉచితంగా, ఆటోమేటిక్‌గా ఇవ్వడం మొదలుపెట్టాక బ్రౌజర్లో తాళం బొమ్మ మామూలైపోయింది. ఎవరూ ఎన్‌క్రిప్షన్ కొనలేదు. కబుర్ల యాప్ తెచ్చుకున్నారు, ఇది దాంతోపాటు వచ్చింది.

అయితే పీజీపీ ఎవరికి పనికొస్తుంది? జర్నలిస్టులకు, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల మీద సంతకం చేసేవాళ్లకు, అవతలి మనిషి కూడా నేర్చుకుంటాడని గ్యారంటీ ఉన్నవాళ్లకు. నేర్చుకునేవాళ్లు మొదటిరోజే గడువు తేదీ పెట్టండి, రద్దు సర్టిఫికెట్‌ని కాగితం మీద ప్రింట్ తీసి దాచండి. నేను ఇంకా వాడుతున్నది ఇద్దరి కోసం.

రద్దు చేయలేని ఆ పాత కీ సర్వర్లలో ఇంకా అలాగే ఉంది. పోయిన నెల ఎవరో తెలియని మనిషి దాన్ని వెతికి పట్టుకుని, దానితో ఎన్‌క్రిప్ట్ చేసి నాకు ఉత్తరం పంపారు. "క్షమించాలి, తెరవలేకపోతున్నాను, కొత్త కీ ఇదిగో" అని జవాబిచ్చాను. పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది, ఈసారి మామూలు ఈమెయిల్‌గా. పైన ఒక్క వాక్యం: "పర్లేదండీ, అంత రహస్యమేం కాదు."